పూల మొక్క కొనే ముందు ఇంట్లో ఒక మాట అడగండి

కార్తీకం వెళ్లి చలి ముదిరేసరికి ఏ ఊరు వెళ్లినా నాకు ఒకటే ప్రశ్న ఎదురవుతుంది. "ఏమండీ, ఉగాదికి ఏ పువ్వు వేస్తే బాగుంటుంది?" టీ దుకాణం దగ్గర అడుగుతారు, సొసైటీ మెట్ల మీద అడుగుతారు, వెళుతున్న బండి ఆపి మరీ అడుగుతారు. అడిగేవాళ్లంతా అరెకరం, ముప్పాతిక ఎకరం ఉన్నవాళ్లే. వరి మీద ఏపాటి మిగులుతుందో లెక్క తెలిసినవాళ్లే. కార్తీక సోమవారం నాడు గుడి ముందు బంతి దండ ధర చూసి, ఇదేదో మనమే పండిస్తే పోలా అనుకున్నవాళ్లు.

మొన్న ఇలాగే ఒకాయన వచ్చాడు. ముప్ఫై సెంట్ల గరప నేల, గట్టున నాలుగు కొబ్బరి చెట్లు, ఒక బోరు ఉన్నాయి. "మల్లె వేద్దామనుకుంటున్నానండి. వేసవిలో మల్లెకి రేటుంటుంది గదా" అన్నాడు. నేను అడిగింది ఒక్కటే. "తెల్లవారుజామున నాలుగింటికి లేచి మొగ్గ కోసేవాళ్లు ఇంట్లో ఎంతమంది?" ఆయన నవ్వేశాడు. "అదంతా మా ఆవిడ చూసుకుంటుందిలెండి" అన్నాడు. ఆవిడని అడిగారా అంటే, అడగలేదు.

పూల సాగు మీద రాసేవాళ్లు రకాలు చెబుతారు, ఎరువులు చెబుతారు, దిగుబడి చెబుతారు. అవన్నీ కావలసినవే, నేనూ రాశాను. కానీ చిన్న రైతు పూలతోటలో నష్టపోయేది ఎక్కువగా ఎరువు తక్కువై కాదు. పూసిన పువ్వుని కోసే చేయి లేకపోవడం వల్ల, పువ్వు అక్కర్లేని రోజున పూయడం వల్ల. ఈ రెండూ మొక్క నాటక ముందే తేలిపోయే సంగతులు. అందుకే పువ్వుని ఎంచుకునేటప్పుడు ధర గురించి చివర్లో అడగమంటాను.

ముందు నా తెలివితక్కువ సంగతి ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కిందట జనవరిలో ఒక నర్సరీకి వెళ్లాను. కుండీల్లో పచ్చ చామంతి విరగబూసి ఉంది. చూస్తే కళ్లు తిప్పుకోలేం. ఇది ఇప్పుడు నాటితే ఉగాదికి పూస్తుందా అని అడిగితే, ఎందుకు పూయదండీ అన్నాడు అక్కడి మనిషి. ఇంటి వెనక ఎనిమిది సెంట్లకు సరిపడా మొక్క తెచ్చి నాటాను. మొక్క జానెడు లేవకుండానే మొగ్గ వేసింది. చొక్కా గుండీ అంత పువ్వులు మొక్కకి నాలుగో అయిదో పూశాయి. మాఘం దాటి ఎండ తగిలేసరికి చేను ముడుచుకుపోయింది. ఉగాది నాడు గుమ్మానికి కట్టడానికి మా ఇంట్లో పూలు కొనుక్కొచ్చాం! ఊళ్లో నన్ను వ్యవసాయం మీద రాసేవాడు అంటారు. ఆ ఏడాది మాత్రం వేరే మాటలు అన్నారు.

తప్పు చామంతిది కాదు. పగటి పొద్దు తగ్గి రాత్రి పెరిగే రోజుల్లో మొగ్గ తొడిగే మొక్క అది. జూన్, జులైల్లో నాటితే వర్షాలకి గుబురుగా పెరిగి, చేను కమ్ముకున్నాక చలి రోజుల్లో పూస్తుంది. జనవరిలో పొద్దు ఇంకా చిన్నదే. కాబట్టి నాటిన పిల్ల మొక్క పెరగడం మాని పూతకు వచ్చేస్తుంది. నర్సరీలో నేను చూసిన కుండీలు ఆర్నెల్ల కిందట నాటినవి. ఇవాళ పూసి ఉన్న మొక్కని చూసి దాన్ని రేపటికి నాటుకోవడమన్నది మనం తరచు చేసే పొరపాటు. మన జిల్లాలో కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి పక్క దారిపొడుగునా పూసిన మొక్కే కనబడుతుంది గనక మనకి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. నర్సరీకి పువ్వు చూడ్డానికి వెళ్లండి, తప్పులేదు. ఏం నాటాలన్నది మాత్రం ఇంట్లోనే తేల్చుకుని వెళ్లండి.

మరి వసంతంలో, అంటే ఫాల్గుణం చివరినుంచి వైశాఖం దాటేదాకా, మన కోస్తా ఎండలో పూసేవి ఏమిటి? మల్లె ఉంది. బంతి ఉంది, నీళ్లు పెడితే. కనకాంబరం ఉంది. లిల్లీ అని మార్కెట్లో పిలిచే నేల సంపెంగ ఉంది. నాటు గులాబీ పూస్తుంది గాని ఎండ ముదిరేకొద్దీ రేకు చిన్నబోతుంది. కాగడా మల్లె చలికాలపు పువ్వు. జాజికి అసలైన జోరు వర్షాల్లో. వాటిని మల్లెతో కలిపి ఒకే గాటన కట్టకండి. పేరులో మల్లె ఉన్నంత మాత్రాన కాగడా మల్లె వేసవి పెళ్లిళ్లకి పూయదు.

ఈ నాలుగింటిలో మీది ఏది అన్నదే ఇక మిగిలిన ప్రశ్న.

బంతి సంగతి ముందు చెబుతాను. కొత్తగా పూల సాగులోకి దిగే చిన్న రైతు మొదట వేయవలసింది ఇదేనని నా అభిప్రాయం. మూడు నెలల్లో పని తేలిపోతుంది. పోతే ఒక పంట పోతుంది, పదేళ్ల తోట పోదు. ఏ నేలైనా నీరు నిలవకపోతే చాలు. కోత కూడా రోజూ ఉండదు, మూడు నాలుగు రోజులకొకసారి కోసుకోవచ్చు. పువ్వు పెద్దది కాబట్టి గంప తొందరగా నిండుతుంది. ఇద్దరు మనుషులు ఒక పూటలో పది సెంట్లు కోసేయగలరు. రెండడుగుల సాళ్లలో అడుగున్నరకి ఒక మొక్క పెడితే పది సెంట్లకు 1,450 మొక్కలు పడతాయి.

కానీ బంతికి తేదీ ముఖ్యం. ఉగాదికి బంతి వేస్తున్నాం అనేవాళ్లలో చాలామంది ఏటా ఒకే రోజున నారు పోస్తారు. సంక్రాంతి వెళ్లిన వారానికి అని ఒక లెక్క పెట్టుకుంటారు. సంక్రాంతి ఏటా దాదాపు ఒకే తేదీన వస్తుంది. ఉగాది అలా కాదు గదా! 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30, 2026లో మార్చి 19, 2027లో ఏప్రిల్ 7. ఏడాదికి పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ వచ్చి, అధికమాసం పడ్డాక ఒక్కసారి దాదాపు మూడు వారాలు వెనక్కి పోతుంది. ఏప్రిల్ ఉగాదికి సరిపోయిన నారు మార్చి మధ్యలో వచ్చే ఉగాదికి పనికిరాదు. పండగ వెళ్లిపోయాక పూస్తుంది. పండగ మర్నాడు బంతిపువ్వుకి విలువేమిటో మార్కెట్టు పక్క చెత్తకుప్ప చూస్తే తెలుస్తుంది.

లెక్క వెనకనుంచి వేసుకోవాలి. సంకర రకాల బంతికి నారుమడిలో 25 నుంచి 30 రోజులు, నాటాక మొదటి కోతకి 50 నుంచి 60 రోజులు పడుతుంది. చలిలో కాస్త ఆలస్యం. అంటే విత్తనం నుంచి కోతకి 85 రోజులు అనుకోండి. పండగకి వారం ముందు కోత మొదలవ్వాలి. ఆ ప్రకారం మార్చి 19 ఉగాదికైతే డిసెంబరు మూడో వారానికే నారు పోసెయ్యాలి. ఏప్రిల్ 7 ఉగాదికైతే జనవరి మొదటి వారం చాలు. తల తుంచితే పక్క కొమ్మలు వచ్చి పువ్వు ఎక్కువవుతుంది గాని, పూత వారం పది రోజులు వెనక్కి జరుగుతుంది. తుంచేవాళ్లు ఆ రోజులు కూడా కలుపుకోండి. ఉగాది నుంచి శ్రీరామనవమి దాకా తొమ్మిది రోజులు. మొదటి రెండు కోతలు ఉగాదికి, తర్వాతవి పందిళ్లకి, కల్యాణాలకి వెళ్లేటట్టు చూసుకుంటే ఒకే పంట రెండు పండగలకి అందుతుంది.

రకం కొనేటప్పుడు అది ఎన్ని రోజులకు పూస్తుందో అడగండి. ఢిల్లీ పూసా సంస్థవారి పూసా నారంగి మంచి రకమే, పువ్వు ముద్దగా ఉంటుంది. కానీ విత్తింది మొదలు పూతకు 125 నుంచి 135 రోజులు తీసుకుంటుంది. పూసా బసంతి ఇంకో పది రోజులు ఎక్కువే. ఆ సంగతి తెలియక డిసెంబరులో విత్తితే ఉగాది, నవమి రెండూ దాటిపోతాయి. పాకెట్టు మీద బొమ్మ కాదు, రోజులు చూడాలి.

టమాటా వేసేవాళ్లకి ఒక చిన్న మాట. పదహారు సాళ్ల టమాటాకి ఒక సాలు పెద్ద బంతి వేయమని బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వారు చెబుతారు. కాయ తొలిచే పురుగు గుడ్లు పెట్టడానికి బంతి మీదకి పోతుంది. బంతి నారు 45 రోజులది, టమాటా నారు 25 రోజులది ఒకేసారి నాటాలి. అప్పుడే రెండూ ఒకే సమయానికి పూతకొస్తాయి. ఇలా వేస్తే పూలతోట అనే పేరు లేకుండానే పండగ ఖర్చుకి నాలుగు గంపల పువ్వు వస్తుంది.

పంచాంగం మాట వచ్చింది గనక ఇంకొకటి. పువ్వు వేసే రైతు పంచాంగం కొనాలి. శకునం కోసం కాదు, ముహూర్తాల కోసం. వేసవి పూలకి అసలు గిరాకీ పెళ్లిళ్లది. వైశాఖ శుద్ధ ఏకాదశికి అన్నవరంలో సత్యదేవుని కల్యాణం మొదలుకుని ఆ రోజుల్లో కొండ మీదా కిందా ఎన్ని పెళ్లిళ్లు జరుగుతాయో మీకు తెలుసు. అయితే 2024లో మే, జూన్ నెలలు మూఢాల్లో పోయాయి. పెళ్లి పందిరి వేసినవాడు లేడు. 2026లో జ్యేష్ఠం అధికమాసం, మే 17 నుంచి జూన్ 15 దాకా. అలాంటి ఏడాదిలో దండ కట్టే పువ్వుని ఎక్కువ విస్తీర్ణంలో వేసుకుని కూర్చుంటే ఎవరూ ఏమీ చేయలేరు. బ్యాండు మేళం వాళ్లు, వంటవాళ్లు ఉగాదికి ముందే పంచాంగం తిరగేసి ఏడాది లెక్క వేసుకుంటారు. మనం కూడా ఆ సంతలోవాళ్లమే, మనకెందుకు ఆ అలవాటు లేదో!

ఇక మల్లె. ఆశ పెట్టేది ఇదే, ముంచేది కూడా ఇదే. మల్లె తోట ఇవాళ నాటితే ఈ ఉగాదికి కాదు, వచ్చే ఉగాదికి కూడా కడుపు నిండా పూయదు. మూడో ఏడు నుంచి అసలు దిగుబడి. ఆ తర్వాత జాగ్రత్తగా చూస్తే పది పన్నెండేళ్లు ఉంటుంది. కొత్త తోట వర్షాకాలంలో నాటుకోవాలి. నాలుగడుగుల దూరంలో అయితే పది సెంట్లకు 270 మొక్కలు సరిపోతాయి. నీరు ఇంకే గరప నేల, ఎర్ర నేల కావాలి. వరి పండే బంక నేలలో వానాకాలం నీరు నిలిచిందంటే వేరు కుళ్లి చస్తుంది. మెరక చేయకుండా వరి మడిలో మల్లె పెట్టినవాళ్లెవరూ రెండో వేసవి చూడలేదు, నేనెరిగినంతలో.

నీటి సంగతి డెల్టా రైతులు మరీ ఆలోచించాలి. మల్లె ముమ్మరంగా పూసేది ఏప్రిల్, మే నెలల్లో. మన కాలువలు కట్టేసేది కూడా అప్పుడే. దాళ్వా కోతలవగానే మరమ్మతులకని కాలువలు మూస్తారు, మళ్లీ నీళ్లు చూసేది జూన్‌లో. కాబట్టి బోరో, బావో లేనివాళ్లు మల్లె పేరు ఎత్తకండి. కాలువ నీటిని నమ్మి మల్లె పెడితే మొగ్గ వేసిన మొక్కకి బిందెలతో మోయాలి. ఆ బిందెలు ఎవరు మోస్తారో నేను చెప్పక్కర్లేదు.

తోట ఇప్పటికే ఉన్నవాళ్లకి ఇది పనికాలం. నీరు కట్టడం ఆపి తోటని వాడనివ్వాలి. పాతకాలంలో గొర్రెల్ని తోలి ఆకు మేపించేవాళ్లు, ఇప్పటికీ అది చవకైన పద్ధతే, పెంట కూడా పడుతుంది. ఆకు రాలాక, మొక్కని నేలకి అడుగున్నర ఎత్తులో కత్తిరించి, పాదు చేసి, మాగిన పశువుల ఎరువు వేసి నీరు ఇవ్వాలి. మొగ్గ వచ్చేది కొత్త చిగురు చివరనే. కత్తిరింపు పడకపోతే చిగురు లేదు, చిగురు లేకపోతే పువ్వు లేదు. అయితే తోటంతా ఒకే రోజున కత్తిరించకండి. మూడు భాగాలు చేసి పది పన్నెండు రోజుల తేడాతో కత్తిరించండి. అప్పుడు పూత విడతలుగా వస్తుంది. ఒకేసారి విరగబూసి, కోయలేక సగం చెట్టు మీదే విచ్చిపోయే బాధ తగ్గుతుంది. రేటు కూడా ఒక్క వారం మీద ఆధారపడదు.

అసలు మాట కోత గురించి. మల్లె మొగ్గని విచ్చుకోక ముందే, తెల్లగా ముదిరినదాన్ని చూసి, సూర్యుడు పైకి రాకముందు కోయాలి. పచ్చి మొగ్గ కోస్తే విచ్చదు, విచ్చిన పువ్వు కోస్తే మార్కెట్టుకి చేరేసరికి వాడుతుంది. వేల మొగ్గలు కోస్తే గాని కిలో తూగదు. ఇది రోజూ ఉండే పని. మూడు నెలలు ఆదివారం లేదు, పండగ లేదు, జ్వరం లేదు. చీకట్లో మోకాళ్ల ఎత్తు మొక్కల మధ్య నడుం వంచి కోయాలి, పురుగూ పుట్రా చూసుకోవాలి. మగవాళ్లు గంప బండికి కట్టుకుని మార్కెట్టుకి వెళతారు, డబ్బు లెక్కపెట్టుకుని వస్తారు. కాబట్టి మల్లె లాభం వాళ్లకి కనబడినంత బాగా మల్లె కోత కనబడదు.

ఇంకో సంగతి నాకు మనసులో ముల్లులా ఉంది. మల్లె ముదిరి పూసే మార్చి, ఏప్రిల్ నెలలే పదో తరగతి పరీక్షల కాలం. తోట ఉన్న ఇళ్లలో ఆడపిల్లని నాలుగింటికి లేపి తోటకి తీసుకుపోతారు. ఏడింటికి ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, పరీక్షకి వెళ్లిన పిల్లల్ని నేను చూశాను. ఒకమ్మాయి నాతో అంది, "అంకుల్, పేపర్లో అక్షరాలు మొగ్గల్లా కనబడతాయి" అని. ఆ పిల్ల నవ్వుతూనే అంది, నాకే నవ్వు రాలేదు. కోతకి కూలీలు దొరకరు, దొరికినా కూలి గిట్టదు, నాకు తెలుసు. కూలి లెక్క వేస్తే గిట్టని పంట పిల్ల నిద్ర లెక్క వేయకపోతే గిట్టినట్టు కనబడుతుంది. మీ ఇంట్లో పదో తరగతి చదివే పిల్లలుంటే ఆ రెండేళ్లు మల్లె విస్తీర్ణం పెంచకండి. ఉన్న తోటలోనే కత్తిరింపు ఒక భాగానికి ఆలస్యం చేస్తే పరీక్షల రోజుల్లో కోత బరువు కొంత తగ్గుతుంది. అది మన చేతిలో పనే.

కనకాంబరానికి ఈ గొడవ తక్కువ. వాసన లేదని చిన్నచూపు చూస్తారు గాని, చిన్న కమతానికి ఇంత అనువైన పువ్వు ఇంకోటి లేదు. కొబ్బరి చెట్ల కింద వచ్చీరాని నీడలో బాగా పెరుగుతుంది. రోజు విడిచి రోజు కోసుకోవచ్చు. కోసిన పువ్వు మర్నాటిదాకా వాడదు కాబట్టి మార్కెట్టు దూరమున్నా భయం లేదు. కాకపోతే అది మహా తేలిక పువ్వు. కిలో తూగాలంటే 15 వేల పూలు కావాలి. అందుకే దాని ధర చూసి కళ్లు చెదురుతాయి, చేలోకి దిగాక వేళ్లు నొప్పి పుడతాయి. అయిదు సెంట్లకు మించి మొదలుపెట్టకండి. ఇంట్లో కూర్చుని ఉండే పెద్దవాళ్లు, మెల్లగా కోయగలిగినవాళ్లు ఉంటే వాళ్లకిది నెమ్మదిగా సాగే పని. ఢిల్లీ రకం కొమ్మ కత్తిరింపులతోనే వస్తుంది, విత్తనం ఉండదు, ఎవరైనా ఆ పేరుతో విత్తనం అమ్మితే కొనకండి. వేరుకి బుడిపెలు వేసే నులిపురుగు, ఎండు తెగులు దీనికి శత్రువులు. నాటే ముందు వేప పిండి వేయాలి. ఒక మొక్క వడలిపోతే పీకి దూరంగా పారేయాలి, నీటి కాలువలో పడేయకూడదు. ఇప్పుడు నాటిన కనకాంబరం ఎండలు ముదిరేసరికి పూత మొదలుపెట్టి, రెండు మూడేళ్లు ఇస్తుంది.

లిల్లీ గురించి తొందరగా చెప్పేస్తాను. దుంప నాటిన మూడు నెలలకి కాడ వేస్తుంది, ఒకసారి నాటితే రెండు మూడేళ్లు. ఈ వసంతానికి కావాలంటే దుంప ఎప్పుడో నేలలో పడి ఉండాల్సింది. ఇప్పుడు మాఘ, ఫాల్గుణాల్లో పెడితే వర్షాకాలం ముందునుంచి పూస్తుంది. దండలకి విడి పువ్వు అమ్మేవాళ్లు ఒంటిరేకు రకాలే తీసుకోవాలి. ప్రజ్వల్, శృంగార్ అలాంటివి. ముద్ద రకాలు కాడతో సహా అలంకరణకి అమ్మేవాళ్లకి. కొబ్బరి నీడలో పెట్టకండి, దీనికి ఎండ కావాలి.

ఏ పువ్వైనా సరే, వేసే ముందు రెండుసార్లు మార్కెట్టుకి వెళ్లి రండి, కొనడానికి కాదు, నిలబడి చూడ్డానికి. ఒకసారి పండగ ముందు రోజు, ఒకసారి ఏమీ లేని మంగళవారం. మనకి రేటు తెలిసేది పండగ రోజుదే, మనం ఎక్కువ అమ్ముకునేది మాత్రం ఆ మంగళవారాలే. కమీషను ఎంత, తరుగు ఎంత తీస్తారు, డబ్బు అప్పుడే ఇస్తారా, వారానికా, అడగండి. ఎన్నింటికి పాట మొదలవుతుందో చూడండి. మీ ఊరి నుంచి ఆ వేళకి బండి ఉందా? అయిదు సెంట్ల పువ్వుకి ఆటో కట్టుకుంటే ఆటోవాడికే పండించినట్టు. పక్క ముగ్గురు రైతులు కలిసి ఒకే పువ్వు వేస్తే బండి ఖర్చు పంచుకోవచ్చు. అందరూ అన్ని పూలూ వేస్తే ఎవరి గంప వాళ్లదే. ఈ విషయంలో పొరుగువాడితో పోటీ కన్నా పొత్తు నయం.

మార్కెట్లో ఉగాది ముందు రోజు ఇంకో వింత చూస్తారు. వేప పువ్వు చిన్న చిన్న కట్టలు కట్టి అమ్ముతుంటారు, పట్నం వాళ్లు బేరం లేకుండా కొంటారు. మన గట్టు మీద ఊరికే రాలిపోయేది! పెట్టుబడి లేని వసంతపు పువ్వు అదొక్కటే. దానికి విస్తీర్ణం పెంచమని నేను రాయను గాని, మార్కెట్టుకి వెళ్లే గంపలో నాలుగు కట్టలు పెట్టుకుంటే బరువేం కాదు.

మందుల గురించి ఒక్క హెచ్చరిక. మనం అమ్మే పువ్వు ఆడవాళ్ల తలలోకి వెళుతుంది. చంకలో పసిబిడ్డ ఆ దండ పట్టి నోట్లో పెట్టుకుంటుంది. పత్తికి కొట్టినట్టు పూలకి కొట్టకండి. ఎండలు ముదిరాక బంతికి, మల్లెకి ఎర్ర నల్లి వస్తుంది. ఆకు బూడిదరంగుకి తిరిగి సాలెగూడు కనబడుతుంది. నీటిలో కరిగే గంధకం పొడి లీటరుకి 3 గ్రాములు కలిపి కొడితే అదుపులోకి వస్తుంది. ఎండలో కొడితే ఆకు మాడుతుంది, చల్లబడ్డాక కొట్టాలి. మల్లెలో మొగ్గ తొలిచే పురుగు కనబడిన తొలి రోజుల్లోనే తొలిచిన మొగ్గల్ని ఏరి కాల్చి, వేప నూనె లీటరుకి 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బు నీరు కలిపి కొట్టండి. ఏం కొట్టినా ఆ పూట కోత అయ్యాకే.

నన్ను అడిగితే ముప్ఫై సెంట్లున్నవాడు ముప్ఫై సెంట్లూ పూలు వేయకూడదు. సగానికి మించకుండా పువ్వు, మిగతాది బెండో, గోంగూరో, ఇంట్లోకి పనికొచ్చేది. పువ్వు అమ్ముడుపోని రోజు వండుకు తినలేం.

ఇది రాయడం పూర్తవుతుండగా మొన్నటి ఆయన మళ్లీ వచ్చాడు. ఇంట్లో అడిగాట్ట. "మల్లె అంటే మా ఆవిడ చీపురు తీసిందండీ" అన్నాడు నవ్వుతూ. వాళ్లమ్మాయి ఈ ఏడు పదో తరగతి. కొబ్బరి చెట్ల దగ్గర అయిదు సెంట్లు కనకాంబరం వేస్తే అత్తా తానూ చూసుకుంటామందట, బంతి పది సెంట్లు చాలందట, తక్కిన పదిహేను సెంట్లలో బెండ పెట్టమందట. బంతి నారు కొనడమా, పోసుకోవడమా అని అడగడానికి వచ్చాడు. పోసుకోమన్నాను. నారు పోయాల్సిన తేదీ పాత క్యాలెండరు వెనక రాసిచ్చాను. మల్లె మాట ఆవిడ పూర్తిగా కొట్టిపారేయలేదట. పిల్ల కాలేజీలో పడ్డాక, ఆషాఢంలో, ముందు యాభై మొక్కలు పెట్టి చూద్దామందట.